అంతర్జాలంలో జపనీస్ భాష: తెలుగువారికి ఉపకరించే వనరులు

జపనీస్ భాష నేర్చుకోవడానికి అంతర్జాలంలో దొరికే సామగ్రికి నేడు కొరత లేదు. నిఘంటువులు, వ్యాకరణ గ్రంథాలు, వీడియో పాఠాలు, కథల పుస్తకాలు, ఉచ్చారణ సాధనాలు, పరీక్షల నమూనా ప్రశ్నపత్రాలు చాలావరకు ఉచితంగానే లభిస్తున్నాయి. కొరవడినదల్లా వాటిలో ఏది ఏ పనికి వస్తుందో, దేని తర్వాత దేన్ని చేపట్టాలో తెలుగు పాఠకుడికి విడమరచి చెప్పేవారే. పైగా ఈ సామగ్రిలో అధిక భాగం ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారి ఇబ్బందులను దృష్టిలో పెట్టుకొని తయారైంది కాబట్టి, తెలుగువారికి సహజంగానే తెలిసిన విషయాలను పేజీల కొద్దీ వివరిస్తూ, వారు నిజంగా తడబడే చోట రెండు ముక్కలు చెప్పి దాటిపోతుంది. వనరుల ఎంపికలో తెలుగువారు మొదట గుర్తించవలసిన సంగతి ఇదే.

తెలుగు నాట ఈ భాషతో పని పడుతున్నవారు ఇప్పుడు ఒకే కోవకు చెందినవారు కారు. హైదరాబాదులోని ఇఫ్లూ వంటి విశ్వవిద్యాలయాల్లో జపనీస్ చదివేవారు ఉన్నారు. జపాన్ ఆర్థిక సహాయంతో ప్రాంగణాన్ని విస్తరించుకున్న ఐఐటీ హైదరాబాద్ నుంచి ఉన్నత విద్యకు జపాన్ వెళ్లేవారు ఉన్నారు. శ్రీసిటీలోని ఇసుజు, డైకిన్ కర్మాగారాల్లోనూ, సంగారెడ్డి జిల్లాలోని తోషిబా కర్మాగారంలోనూ జపనీస్ ఇంజినీర్లతో కలిసి పనిచేసేవారు ఉన్నారు. వీరికి తోడు, విదేశీ కార్మికుల కోసం 2019 ఏప్రిల్‌లో జపాన్ ప్రవేశపెట్టిన ‘నిర్దిష్ట నైపుణ్య’ వీసాపై 2021 జనవరిలో భారతదేశం ఆ దేశంతో ఒప్పందం కుదుర్చుకున్నాక, వృద్ధుల సంరక్షణ, వ్యవసాయం, ఆహార సేవల వంటి రంగాల్లో ఉద్యోగం కోరుకొనేవారికీ ఈ భాష అవసరమైంది. సంరక్షణ కేంద్రంలో వృద్ధురాలితో మాట్లాడవలసిన నర్సుకు కావలసిన భాష వేరు, యంత్రాల వాడుక పుస్తకం చదవవలసిన ఇంజినీరుకు కావలసిన భాష వేరు. అయినా లిపి, ఉచ్చారణ, వాక్య నిర్మాణం అనే తొలి మెట్లు మాత్రం అందరికీ ఒక్కటే.

జపనీస్ రాతలో మూడు లిపులు కలగలిసి ఉంటాయి. హిరగన, కతకన అనే రెండూ ధ్వనిని సూచించే లిపులు. ఒక్కొక్కదానిలో 46 మూలాక్షరాలు ఉంటాయి. దేశీయ పదాలకు, వ్యాకరణ ప్రత్యయాలకు హిరగనను, విదేశీ పదాలకు ముఖ్యంగా కతకనను వాడతారు. మూడోది కంజి, అంటే చైనా నుంచి స్వీకరించిన, అర్థాన్ని సూచించే అక్షరాల సముదాయం. హిరగన, కతకనలకు జపాన్ ఫౌండేషన్‌కు చెందిన కన్సాయ్ కేంద్రం రూపొందించిన ‘మెమరీ హింట్’ అనే ఉచిత ఫోన్ యాప్‌లు సరిపోతాయి. ప్రతి అక్షరాన్నీ ఒక బొమ్మతో ముడిపెట్టి గుర్తుండేలా చేయడం వాటి పద్ధతి. రోజూ కాస్త సమయం కేటాయించగలిగినవారికి ఈ రెండు లిపులూ కొద్ది వారాల్లో పట్టుబడతాయి. అంతవరకు వ్యాకరణం జోలికి వెళ్లకపోయినా నష్టం లేదు కానీ, రోమన్ అక్షరాల్లో రాసిన జపనీస్‌కు కన్ను అలవాటు పడితే ఆ అలవాటు మానుకోవడానికి చాలా కాలం పడుతుంది.

ఉచ్చారణ విషయంలో తెలుగువారికి కొంత వెసులుబాటు ఉంది. ‘ఒబసన్’ అంటే అత్తో పిన్నో, ‘ఒబాసన్’ అంటే అవ్వ. ‘కితె’ అంటే ‘వచ్చి’, ‘కిత్తె’ అంటే తపాలా బిళ్ల. హ్రస్వ దీర్ఘాల మధ్య, ఒంటి రెట్టింపు హల్లుల మధ్య ఉన్న ఈ తేడాలు ఇంగ్లీషు మాట్లాడేవారికి పెద్ద పరీక్ష. తెలుగు చెవికి మాత్రం అవి పుట్టుకతో వచ్చినవే. ఎ, ఏ లకూ, ఒ, ఓ లకూ తెలుగులో వేర్వేరు అక్షరాలు ఉండటం మరొక సౌకర్యం. ‘సునామీ’ అని మనకు పరిచయమైన పదంలోని మొదటి ధ్వని, జపనీయులు పలికినప్పుడు, ‘చుక్క’ అనే మాటలోని దంత్య చకారానికి చాలా దగ్గరగా ఉంటుంది. జపనీస్ పదాల నిడివిని లెక్కించే పద్ధతి కూడా మన ఛందస్సులోని మాత్రల లెక్కను పోలి ఉంటుంది: ‘తోక్యో’లో రెండు గురువులు, అంటే నాలుగు మాత్రలు, ‘నిప్పొన్’లోనూ నాలుగే, జపనీయుల లెక్కలోనూ ఆ రెండు పదాలకూ నాలుగేసి మాత్రలే.

తెలుగు లిపికి అందనిది స్వర భేదం. టోక్యో ప్రాంతపు ప్రామాణిక భాషలో ప్రతి పదానికీ గొంతు ఎక్కడ లేవాలి, ఎక్కడ దిగాలి అనే నియమం ఉంటుంది. ‘హషి’ అనే పదాన్ని మొదటి మాత్రను ఎత్తి, రెండోదాన్ని దించి పలికితే భోజనపు పుల్లలు. మొదటిది దించి రెండోది ఎత్తి, వెంట వచ్చే ‘గ’ అనే ప్రత్యయాన్ని దించితే వంతెన. అలాగే ఎత్తి ప్రత్యయాన్ని కూడా ఆ ఎత్తులోనే ఉంచితే అంచు. పాఠ్యపుస్తకాల్లో ఎక్కువభాగం దీన్ని అసలు సూచించవు. ఈ లోటును తీర్చేది టోక్యో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో అందుబాటులోకి తెచ్చిన ‘ఓజాడ్’ అనే ఆన్‌లైన్ స్వర నిఘంటువు. అందులో క్రియ మూలరూపంలో ఉన్నప్పుడు, భూతకాలంలో ఉన్నప్పుడు, వ్యతిరేకార్థంలో ఉన్నప్పుడు స్వరం ఎలా మారుతుందో పక్కపక్కన చూపుతారు, వినిపిస్తారు. ‘సుజుకి-కున్’ అని పేరు పెట్టిన విభాగంలో ఏదైనా వాక్యాన్ని ఉంచితే, గొంతు ఎగుడుదిగుడులను గీతగా గీసి చూపి, ఆ గీత ప్రకారం చదివి వినిపిస్తుంది. ఉపన్యాసానికో ఉద్యోగపు ఇంటర్వ్యూలో చెప్పుకోవలసిన స్వపరిచయానికో సిద్ధమయ్యేవారికి దీనిని మించిన ఉచిత సాధనం అరుదు.

క్రమబద్ధమైన పాఠాలు కోరేవారు మొట్టమొదట చూడవలసింది జపాన్ ఫౌండేషన్ వెలువరించిన ‘ఇరొదొరి’ పాఠ్యమాల. 1972లో ఏర్పడిన ఈ సంస్థ జపాన్ భాషా సంస్కృతులను ప్రపంచానికి పరిచయం చేసే పని చేస్తోంది. జపాన్‌లో నివసించి పనిచేయబోయేవారి కోసం 2020లో విడుదలైన ‘ఇరొదొరి’ మూడు భాగాలుగా ఉంటుంది. పుస్తకం పీడీఎఫ్‌గానూ, సంభాషణలు ఆడియోగానూ ఉచితంగా దిగుమతి చేసుకోవచ్చు. ప్రతి పాఠమూ ఒక వ్యాకరణ సూత్రంతో కాక ఒక పనితో మొదలవుతుంది: ఆరోగ్యం బాగులేదని చెప్పడం, సెలవు అడగడం, దుకాణంలో కావలసిన వస్తువు ఉందేమో కనుక్కోవడం వంటివి. ముందు సంభాషణ వినిపించి, ఆ తర్వాతే అందులోని నిర్మాణాన్ని వివరిస్తారు. మాతృభాషలో వివరణలతో నేపాలీ, వియత్నామీ, ఇండోనేషియన్ వంటి పలు భాషల్లో ఈ పుస్తకాలు వచ్చాయి. తెలుగువారికి ఇంగ్లీషు ప్రతి ఉపకరిస్తుంది. అదే సంస్థ 2016 నుంచి నడుపుతున్న ‘మినతొ’ అనే ఈ-లెర్నింగ్ వేదికలో పేరు నమోదు చేసుకుంటే, స్వయంగా చదువుకొనే కోర్సులు ఉచితంగా లభిస్తాయి. తోడు లేకుండా చదివేవారికి గడువులు, అభ్యాసాలు, చివరి పరీక్షలు ఉన్న మినతొ కోర్సు మేలు. కొంతమంది కలిసి చదువుకొనే చోట ఇరొదొరి పుస్తకాన్ని ముందు పెట్టుకొని సంభాషణలు జంటలుగా పలకడం మేలు.

జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కె అందించే ‘ఈజీ జపనీస్’ పాఠాలు కూడా ఆరంభకులకే ఉద్దేశించినవి. వియత్నాం నుంచి వచ్చిన తామ్ అనే విద్యార్థిని చుట్టూ అల్లిన 48 చిన్న పాఠాలు ఇందులో ఉన్నాయి. హిందీ, బెంగాలీ, ఉర్దూ భాషల్లోనూ ఇవి లభిస్తాయి కాబట్టి, ఇంగ్లీషు కంటే ఆ భాషల్లో చులాగ్గా చదవగలిగిన తెలుగువారికి అవే నయం. ముఖ్యంగా హిందీ వాక్యంలోని పదాల వరుస జపనీస్ వరుసకు దగ్గరగా ఉండటంతో వివరణ చుట్టు తిరగకుండా సాగుతుంది.

వ్యాకరణానికి వచ్చేసరికి తెలుగువారికి దొరికే సౌలభ్యం అపారం. కర్త, కర్మ, క్రియ అనే వరుస రెండు భాషల్లోనూ ఒక్కటే. విభక్తులు రెండింటిలోనూ నామవాచకం తర్వాతే వస్తాయి. ‘హైదరాబాదు నుంచి టోక్యో వరకు’ అనే మాటల్లో ‘నుంచి’ ఉన్న చోట ‘కర’, ‘వరకు’ ఉన్న చోట ‘మదె’ పెడితే చాలు. తెలుగు వ్యాకరణం క్త్వార్థకం అని పిలిచే ‘తిని, చేసి, వచ్చి’ వంటి రూపాలకు సమానమైనది జపనీస్‌లోని ‘తె’ రూపం. ఆ రూపంతో కట్టే సంయుక్త క్రియలు కూడా పోలి ఉంటాయి. ‘తిని చూడు’ అన్నప్పుడు మనం చూడటం అనే క్రియను ప్రయత్నం అనే అర్థంలో ఎలా వాడతామో, ‘తబెతె మిరు’ అనే మాటలో జపనీయులు అచ్చం అలాగే వాడతారు. ‘చేసి పెట్టు’కు సాటిగా ‘షితె ఒకు’ ఉంది. ‘నిన్న చదివిన పుస్తకం’ అనే మాటలోని ధాతుజ విశేషణం లాగే ‘కినో యొంద హొన్’లోనూ క్రియ నామవాచకానికి ముందు నిలిచి దాన్ని విశేషిస్తుంది. ఒకరు చెప్పినదాన్ని తిరిగి చెప్పేటప్పుడు మనం వాడే ‘అని’ చేసే పనంతా అక్కడ ‘తొ’ చేస్తుంది. ఈ పోలికలు చూసి రెండు భాషలూ జ్ఞాతులని భావించడం మాత్రం సరికాదు. ఓనొ సుసుము అనే జపాన్ పండితుడు తమిళానికీ జపనీస్‌కూ చుట్టరికం ఉందని వాదించినా భాషాశాస్త్రజ్ఞులు సాధారణంగా అంగీకరించలేదు. ఇటువంటి పదాల వరుస, ప్రత్యయాలు అతికే స్వభావం ఉన్న భాషలు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. చుట్టరికం లేకపోయినా నేర్చుకొనేవారికి ప్రయోజనం ఉంది, అది చాలు.

అంతర్జాలంలో బాగా పేరు పొందిన ఉచిత వ్యాకరణం తే కిమ్ రాసిన జపనీస్ వ్యాకరణ మార్గదర్శిని. పర్యాటకులకు పనికొచ్చే మర్యాద వాక్యాలతో కాకుండా, నిఘంటువులో కనిపించే మూలరూపం నుంచి మొదలుపెట్టి, దానిపై ఒక్కొక్క ప్రత్యయాన్నీ చేర్చుకుంటూ పోవడం దాని పద్ధతి. ధాతువుకు ప్రత్యయం చేర్చి పదాన్ని కట్టడం తెలిసిన తెలుగువారికి ఈ పద్ధతి చక్కగా ఒప్పుతుంది. ఇంకా లోతుకు వెళ్లదలచినవారికి ‘ఇమబి’ అనే ఉచిత వ్యాకరణ కోశం ఉంది. అది ప్రాచీన రూపాలను కూడా చర్చిస్తుంది కాబట్టి ఆరంభంలో దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. వీటిని చదివేటప్పుడు విభక్తి ప్రత్యయాలు, నామవాచకానికి ముందు వచ్చే క్రియలు, ‘తొ’ వంటి అధ్యాయాలను వేగంగా దాటి, అక్కడ మిగిలిన సమయాన్ని వేరే మూడు విషయాలపై వెచ్చించాలి. మొదటిది, ‘వ’, ‘గ’ అనే ప్రత్యయాల మధ్య తేడా. ‘నేనైతే’, ‘నేనే’ అనే మాటల మధ్య ఉన్న ఒడుపు దీనికి కొంత దారి చూపుతుందే తప్ప పూర్తిగా సరిపోదు. రెండోది, ఇవ్వడం పుచ్చుకోవడం. మనం ‘ఇచ్చాడు’ అనే ఒక్క క్రియతో సరిపెట్టుకొనే చోట, ఇతరులకు ఇస్తే ‘అగెరు’, మనకో మనవాళ్లకో ఇస్తే ‘కురెరు’ అని జపనీస్‌లో క్రియే మారిపోతుంది.

మూడోది, గౌరవ వాచకాలు. నువ్వు, మీరు అనే తేడా ఉన్న భాష నుంచి వచ్చాం కాబట్టి ఇది సులువనిపిస్తుంది గానీ, చిక్కంతా ఇక్కడే ఉంది. కంపెనీకి ఫోన్ చేసిన ఖాతాదారుతో తెలుగు ఉద్యోగి తన పై అధికారిని ప్రస్తావిస్తూ ‘మేనేజరుగారు బయటికి వెళ్లారండీ’ అంటాడు. జపాన్‌లో అదే సందర్భంలో తనక అనే పై అధికారి పేరుకు గౌరవసూచకమైన ‘సన్’ చేర్చకుండా, వినమ్ర క్రియతో ‘తనక వ ఇమ గైషుత్సు షితె ఒరిమసు’ అనాలి. బయటివారి ఎదుట తన కంపెనీ వారందరూ తనవారే కాబట్టి వారిని తగ్గించి చెప్పడమే మర్యాద. వయసును, హోదాను బట్టి నడిచే మన మర్యాదకు, లోపలివారా బయటివారా అనే దాన్ని బట్టి నడిచే ఈ మర్యాదకు మధ్య ఉన్న అంతరం ఒక పట్టాన ఒంటబట్టదు. జపాన్ సాంస్కృతిక వ్యవహారాల సంస్థ ఉద్యోగంలో కొత్తగా చేరినవారి కోసం గౌరవ వాచకాలపై రూపొందించిన ‘కెయిగొ ఒమొషిరొ సోదన్-షిత్సు’ అనే వీడియోలు ఉచితంగా ఉన్నాయి. అవి జపనీయులకే ఉద్దేశించినవైనా, మధ్యమ స్థాయికి చేరిన తెలుగు ఉద్యోగికి ఎంతో ఉపయోగపడతాయి.

నిఘంటువుల చరిత్ర ఈ రంగంలో అన్నిటికంటే స్ఫూర్తిమంతమైన భాగం. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్, టెలికమ్యూనికేషన్ల అధ్యాపకుడిగా ఉన్న జిమ్ బ్రీన్ 1991లో ‘ఎడిక్ట్’ అనే చిన్న జపనీస్-ఇంగ్లీషు పదపట్టికను కంప్యూటర్‌లో కూర్చడం ఆరంభించి, దాన్ని అందరికీ పంచిపెట్టాడు. వాడుకున్నవారు తప్పులు దిద్ది, కొత్త పదాలు చేర్చి తిరిగి పంపడంతో అది పెరుగుతూ వచ్చి ‘జెఎమ్‌డిక్ట్’ అనే బహుభాషా నిఘంటువుగా రూపొందింది. నేడు అందులో 2 లక్షలకు పైగా పదాలు ఉన్నాయి. కర్తను పేర్కొంటే చాలు, ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చునని, దాని నుంచి తయారైనదాన్ని కూడా అదే షరతుపై పంచాలని దాని లైసెన్సు చెబుతుంది. నేడు ఫోన్లలో వాడే ఉచిత జపనీస్ నిఘంటువుల్లో చాలా వాటికి మూలధనం ఇదే. ఎక్కువమంది వాడే ‘జిషొ’ అనే ఆన్‌లైన్ నిఘంటువు కూడా ఈ సంపదను, ఉల్రిక్ ఆపెల్ రూపొందించిన కంజి గీతల పటాలను, ‘తతొఎబ’ వాక్య భాండారాన్ని ఒక చోట చేర్చి చూపుతుంది.

జిషొ చేసే పనిని ఒక ఉదాహరణతో చూడవచ్చు. దారిలో ఒక కంజి అక్షరం కనిపించింది, దాన్ని ఎలా పలకాలో తెలియదు, కాబట్టి టైపు చేయడానికి వీలులేదు. అయితే ఎడమ పక్క మనిషిని సూచించే భాగం, కుడి పక్క చెట్టును సూచించే భాగం ఉన్నాయని కంటికి తెలుస్తోంది. జిషొలో భాగాల పట్టిక తెరిచి, రెండు గీతల వరుసలో మనిషిని, నాలుగు గీతల వరుసలో చెట్టును నొక్కితే, ఆ రెండూ ఉన్న అక్షరాలు మాత్రమే మిగులుతాయి. వాటిలో ఆరు గీతలతో మొదట్లోనే కనిపించేది, చెట్టును ఆనుకున్న మనిషి రూపంలో ‘విశ్రాంతి’ని సూచించే అక్షరం. దాన్ని నొక్కితే దేశీయ ఉచ్చారణ ‘యసుము’, చైనా నుంచి వచ్చిన ఉచ్చారణ ‘క్యూ’, గీతలు గీయవలసిన వరుస, సెలవురోజు అనే అర్థం ఉన్న ‘క్యూజిత్సు’, వేసవి సెలవులు అనే అర్థం ఉన్న ‘నత్సుయసుమి’ వంటి పదాలు, జపాన్ బడుల్లో ఈ అక్షరాన్ని ఒకటో తరగతిలోనే నేర్పుతారన్న సమాచారం అన్నీ ఒక్క తెరపై వస్తాయి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. తతొఎబలోని జపనీస్ ఉదాహరణ వాక్యాల్లో గణనీయమైన భాగం, తనక యసుహితొ అనే ఆచార్యుడు తన విద్యార్థులచేత సేకరింపజేసిన వాక్యాల నుంచి వచ్చింది. వాటిలో అసహజమైన వాక్యాలు, దొర్లిన తప్పులు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. పదం ఏ పదంతో కలుస్తుందో చూడటానికి అవి పనికొస్తాయి, కంఠస్థం చేయడానికి కాదు.

కంజి సంఖ్య చాలామందిని భయపెడుతుంది. 2010లో సవరించిన జపాన్ ప్రభుత్వ పట్టిక ప్రకారం నిత్య వ్యవహారానికి కావలసినవి 2136. వాటిలో 1026 అక్షరాలను ప్రాథమిక పాఠశాలలోనే నేర్పుతారు. ఇన్నింటిని గుర్తుంచుకోవడానికి నేడు విస్తారంగా వాడుతున్నది విరామ పునశ్చరణ, అంటే మరిచిపోబోయే సమయానికి సరిగ్గా మళ్లీ గుర్తు చేసే పద్ధతి. కొత్తగా నేర్చినది ఎంత వేగంగా జారిపోతుందో హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే ప్రయోగపూర్వకంగా చూపాడు. పోలండ్‌కు చెందిన పియోటర్ వోజ్నియాక్ 1987లో పునశ్చరణ తేదీలను కంప్యూటర్ చేత లెక్క కట్టించాడు. ఆ లెక్కను ఆధారం చేసుకొని డేమియన్ ఎల్మ్స్ 2006లో ‘అంకి’ అనే ప్రోగ్రామును తయారు చేశాడు. చీటీకి ఒక పక్క పదం, మరో పక్క అర్థం ఉంటాయి. జవాబు గుర్తుకు రాకపోతే ఆ చీటీ కొద్ది నిమిషాల్లో మళ్లీ ఎదురవుతుంది, సులువుగా గుర్తొస్తే రోజులు, వారాలు, నెలల తర్వాత వస్తుంది. కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఇది ఉచితం, ఐఫోన్‌లో మాత్రం వెల పెట్టి కొనుక్కోవాలి. ఇతరులు తయారు చేసిన వేల చీటీల కట్టను ఒక్కసారిగా దించుకొని, రోజుకు యాభై చొప్పున మొదలుపెట్టినవారు కొద్ది రోజుల్లోనే పునశ్చరణల కుప్ప కింద నలిగి వదిలేస్తుంటారు. రోజుకు పదికి మించకుండా, తాము చదివిన పాఠంలో కనిపించిన వాక్యంతో సహా చీటీ రాసుకొనేవారే నిలదొక్కుకుంటారు.

పాఠాల నుంచి నిజమైన చదువుకు సాగడానికి మధ్యలో ఒక అగాధం ఉంటుంది. దాన్ని దాటించేవి మూడు వనరులు. మొదటిది ‘తదొకు’ అనే స్వచ్ఛంద సంస్థ అందించే ఉచిత బొమ్మల కథలు. అత్యంత తేలికైన స్థాయి నుంచి మొదలుపెట్టాలి, నిఘంటువు చూడకూడదు, అర్థం కానిది వదిలేయాలి, నచ్చకపోతే వేరే పుస్తకం తీసుకోవాలి అన్నవి దాని నియమాలు. రెండోది ఎన్‌హెచ్‌కె 2012 నుంచి నడుపుతున్న తేలిక జపనీస్ వార్తలు. 1995 జనవరి 17న కోబె ప్రాంతాన్ని కుదిపిన భూకంపంలో, జపనీస్ అంతంతమాత్రంగా తెలిసిన విదేశీయులకు హెచ్చరికలు, సహాయ సమాచారం సరిగా అందలేదు. అప్పటి నుంచే అందరికీ అర్థమయ్యే ‘యసషీ నిహొంగొ’, అంటే తేలిక జపనీస్, ఒక సామాజిక అవసరంగా రూపుదిద్దుకుంది. ఆ వార్తల్లో ప్రతి కంజి పైనా హిరగనలో ఉచ్చారణ ఉంటుంది, మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు వేర్వేరు రంగుల్లో ఉంటాయి, కష్టమైన పదానికి సులువైన జపనీస్‌లోనే అర్థం చెబుతారు, నెమ్మదిగా చదివిన ఆడియో కూడా ఉంటుంది. ఈ వార్తలు చదివే స్థాయికి చేరినవారు బ్రౌజరులో ‘యొమితన్’ అనే ఉచిత పొడిగింపును పెట్టుకుంటే, ఏ పేజీలోనైనా పదం మీద మౌస్ ఉంచగానే అర్థం కనిపిస్తుంది.

మూడోది ‘అఒజొర బున్కొ’. రచయిత తొమిత మిచిఒ మరికొందరితో కలిసి 1997లో స్థాపించిన ఈ ఉచిత గ్రంథాలయంలో, కాపీహక్కు కాలం తీరిన వేలాది జపనీస్ రచనలను స్వచ్ఛంద సేవకులు అక్షరం అక్షరం టైపు చేసి, మరొకరి చేత దిద్దించి ఉంచారు. 2018 డిసెంబరు 30న జపాన్ కాపీహక్కు గడువును రచయిత మరణానంతరం 50 ఏళ్ల నుంచి 70 ఏళ్లకు పెంచింది. ఫలితంగా 1968లో మరణించిన రచయితల రచనలు 2039 వరకు అందులోకి రాలేవు. అయినా నత్సుమె సోసెకి, అకుతగవ, మియజవ కెంజి వంటివారి రచనలు అక్కడ ఉన్నాయి. మొదటిసారి చదివేవారికి 1943లో 29 ఏళ్లకే మరణించిన నీమి నంకిచి పిల్లల కథ ‘గొన్-గిత్సునె’ తగినది. జపాన్‌లో నాలుగో తరగతి పిల్లలు పాఠ్యపుస్తకంలో చదివే కథ అది. ఒకే రచన పాత వర్ణక్రమంలోనూ కొత్త వర్ణక్రమంలోనూ ఉండే అవకాశం ఉంది కాబట్టి, ‘షింజి షింకన’ అని గుర్తున్న ప్రతిని ఎంచుకోవాలి.

పరీక్ష రాయదలచినవారికి జెఎల్‌పిటి, అంటే జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష, అధికారిక వెబ్‌సైట్‌లోని నమూనా ప్రశ్నలు, అభ్యాస పుస్తకాలు ముఖ్యం. 1984లో మొదలై 2010 నుంచి ఎన్5 నుంచి ఎన్1 దాకా ఐదు స్థాయిల్లో నడుస్తున్న ఈ పరీక్షలో ఎన్5కు 180కి 80, ఎన్1కు 100 మార్కులు రావాలి; విభాగాల వారీ కనీస మార్కులూ ఉంటాయి. 2010 తర్వాత నిర్వాహకులు పదాల పట్టికలు ప్రచురించడం మానేశారు కాబట్టి, ‘ఎన్3 పదాలు’ అంటూ కనిపించే జాబితాలన్నీ అంచనాలే. మాట్లాడటం, రాయడం ఈ పరీక్షలో లేవన్న సంగతి మరువకూడదు. నిర్దిష్ట నైపుణ్య వీసా కోరేవారు ఎన్4 గానీ, కంప్యూటర్‌పై రాసే జెఎఫ్‌టి-బేసిక్ గానీ గట్టెక్కాలి. రెండోదానిలో 250కి 200 మార్కులు కావాలి, దానికి ఇరొదొరి పుస్తకాలే నేరుగా పనికొస్తాయి.

యంత్రానువాదంపై ఆధారపడటం ఇక్కడ ప్రత్యేకంగా ప్రమాదకరం. జపనీస్ కూడా తెలుగు లాగే కర్తను తరచూ వదిలేస్తుంది. అయితే తెలుగు క్రియలో ‘వచ్చాను’, ‘వచ్చింది’, ‘వచ్చారు’ అని కర్త జాడ మిగులుతుంది, జపనీస్‌లోని ‘కిమషిత’లో ఏ జాడా ఉండదు. వచ్చింది ఎవరో యంత్రం సందర్భాన్ని బట్టి ఊహించాలి, తెలుగులోకి మార్చేటప్పుడు ఆ ఊహ క్రియ చివర స్థిరపడిపోతుంది, చదివేవారికి అది ఊహ అని కూడా తెలియదు. ఒప్పందం, వైద్య సమాచారం, ఉద్యోగ నిబంధనలు వంటి చోట్ల మూలంతో పోల్చుకోగలిగిన మనిషి తప్పనిసరి.

ఇంత సంపద మధ్య తెలుగు స్థానం దాదాపు ఖాళీగా ఉండటం బాధ కలిగించే విషయం. జెఎమ్‌డిక్ట్‌లో ఇంగ్లీషుతో పాటు జర్మన్, ఫ్రెంచ్, రష్యన్, డచ్, హంగేరియన్ వంటి భాషల అర్థాలు చేరాయి, తెలుగు అర్థాలు చేరలేదు. వాక్య నిర్మాణంలో ఇంత దగ్గరగా ఉన్న భాషను, ఇంగ్లీషులోకి తలకిందులు చేసి మళ్లీ తెలుగులోకి తిప్పుకొని నేర్చుకోవలసి రావడం వృథా శ్రమ. ఆ నిఘంటువు లైసెన్సు ప్రకారం తెలుగు అర్థాలు కూర్చడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. విశ్వవిద్యాలయ జపనీస్ శాఖలూ, జపాన్‌లో స్థిరపడిన తెలుగువారూ కలిసి, ఎన్5 స్థాయి పదాలతోనే పని ఆరంభించవచ్చు. తతొఎబలో చేరడం ఇంకా తేలిక. అక్కడ 2 లక్షలకు పైగా జపనీస్ వాక్యాలున్నాయి, వాటికి తెలుగు అనువాదాలు బహు కొద్ది. సభ్యులు తమ మాతృభాషలోనే వాక్యాలు రాయాలన్నది ఆ వేదిక కోరిక కాబట్టి, ఎన్3 స్థాయి దాటిన తెలుగు విద్యార్థి జపనీస్ వాక్యాన్ని ఇంగ్లీషు మీదుగా కాక నేరుగా తెలుగులో రాసి చేర్చవచ్చు. మరొక తెలుగు సభ్యుడు దాన్ని సరిచూడవచ్చు.